రెండు సాసర్ల చాయ్

రాజేశం తాత దినాలు గడిచిన తర్వాతి ఆదివారం ఆయన కొడుకు శ్రీను కాక మా ఇంటికి వచ్చాడు. వెంట మా నేతవాళ్ళ సంఘం మనుషులు ఇద్దరున్నారు. మేము సూరత్‌లోనే వడోద్ వాడ వదిలి ఈ ఫ్లాట్‌కి మారాక వాళ్ళెవరూ మా గడప తొక్కింది లేదు. పెళ్ళి కార్డు సైతం ఫోన్లో ఫొటో తీసి పంపి చేతులు దులుపుకునేవాళ్ళు. అలాంటివాళ్ళు అరటిపళ్ళు పట్టుకుని వచ్చి, చెప్పులు వరసగా విడిచి, సోఫా అంచున ఒదిగి కూర్చున్నారంటే పని మీద వచ్చారని వేరే చెప్పక్కర్లేదు. వకీలు ఇంటికి ఊరికే ఎవరొస్తారు? కాసేపు పోయినాయన మంచితనం మాట్లాడుకున్నాం. ఎంతమందిని సిరిసిల్ల వైపు నుంచి సూరత్ తీసుకొచ్చాడో, ఎంతమందికి గది ఇప్పించాడో, ఎన్ని తగాదాలు తీర్చాడో వాళ్ళు చెప్తుంటే నేను తలాడించాను. ఆ తర్వాత అసలు సంగతి బయటపడింది. సంఘం గదిలో ఆయన కుర్చీ ఖాళీ అయింది. అందులో నన్ను కూర్చోమంటున్నారు.

"మనోళ్ళల్ల లా చదివింది నువ్వొక్కదానివే బిడ్డా. మా బాపు కుర్సీల నువ్వు కూసుంటే సేఠ్‌లు గూడ జర భయపడ్తరు," అన్నాడు శ్రీను కాక.

వచ్చే ఆదివారమే ఒక పంచాయితీ ఉందట. జోల్వా దగ్గర ఒక మగ్గాల కార్ఖానాలో మనవాడొకడి చెయ్యి నలిగింది. సేఠ్ రాజీకి సిద్ధంగానే ఉన్నాడు. నేను వచ్చి సగం సగం చేసి తెంపేస్తే అందరికీ మంచిదని కాక చెప్పుకుంటూ పోతున్నాడు. సగం సగం అన్న మాట చెవిన పడగానే నా చూపు నాకు తెలియకుండానే మా బాపు వైపు పోయింది. ఆయన కిటికీ పక్క కుర్చీలో ఉన్నాడు. మగ్గాల మోతలో వయసంతా గడిపిన చెవులు కాబట్టి మామూలుగా మాట్లాడితే ఆయనకు వినపడదు. ఎదుటివాళ్ళ పెదాలు చూసి మాట పట్టుకుంటాడు. ఇప్పుడు శ్రీను కాక పెదాలనే చూస్తున్నాడు. కుడిచెయ్యి తువ్వాలు కింద దాచుకుని ఉంది. బయటివాళ్ళెవరైనా ఇంటికొస్తే ఆ చెయ్యి తువ్వాలు కిందికి పోతుంది. అమ్మ చాయ్ పెట్టడానికి లేచింది. ఆలోచించుకుని చెప్తానని నేను కాకతో అన్నాను గానీ, నా బుర్ర అప్పటికే ఆ గదిలో లేదు.

వడోద్‌లో మాది ఒకటే గది. ఈ గోడ పక్కన అమ్మ పని, ఆ గోడ పక్కన పొయ్యి. అమ్మ చీరలకు మెరిసే స్టోన్లు అంటించేది. పొద్దున్నే ఏజెంటు చీరల మూట గుమ్మంలో పడేసి పోయేవాడు, సాయంత్రం వచ్చి తీసుకుపోయేవాడు. మధ్యలో మా ఇంట్లో ఏం జరిగినా ఆ చీరల చుట్టూనే జరగాలి. స్నానం చేసి తడి పాదాలతో వస్తే తిట్లు. అన్నం తింటూ చెయ్యి విదిలిస్తే తిట్లు. స్టోన్లు అంటించే గమ్ వాసన మా బట్టలకూ అన్నానికీ నా పుస్తకాలకూ పట్టి ఉండేది. గాలి తిరిగితే పండేసరా మిల్లుల రంగుల కంపు వచ్చేది. పక్క గదుల్లో ఒడియా వాళ్ళు మెస్సు నడిపేవాళ్ళు, మధ్యాహ్నానికి ఆవనూనె కాగిన ఘాటు వచ్చేది. ఈ వాసనలన్నిటి మధ్యా అమ్మ జొన్నరొట్టె కాల్చి, మిరపకాయలు నిప్పుల మీద మాడ్చి పచ్చిపులుసు పిసికితే ఇల్లు కాసేపు మా ఇల్లులా ఉండేది. ఇవాళ నా ఆఫీసులో ఏసీ ఉంది, సెంటు వాసన వేసే క్లయింట్లు ఉన్నారు. అయినా కొత్త పుస్తకం తెరిస్తే నా ముక్కు గమ్ వాసన కోసం వెతుకుతుంది. చదువంటే నాకు ఆ వాసనే.

బాపు మగ్గం నడిపినన్నాళ్ళు నూనె మరకల బనీనుతో ఇంటికొచ్చి, గోడకు ఆనుకుని కూర్చుని, తన రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని కాసేపు ఊరికే చూసుకునేవాడు. అదో అలవాటు. చెయ్యి పోయాక వాచ్‌మన్ చొక్కా మేకుకు తగిలించి అదే చోట కూర్చునేవాడు గానీ చేతుల వైపు చూసేవాడు కాదు. కుడిచేతికి బొటనవేలూ చిటికెన వేలూ మిగిలాయి. ఎడమచేత్తో తినడానికి ససేమిరా ఒప్పుకోలేదు. చెంచా ఇస్తే పక్కన పెట్టేవాడు. ఆ రెండు వేళ్ళతోనే రొట్టె ముక్క తుంచి, పులుసులో ముంచి, నోటిదాకా తీసుకుపోయేవాడు. ఆయన తినడం అయ్యేదాకా ఇంట్లో ఎవరూ కంచం ముందు నుంచి లేవకూడదని అమ్మ చెప్పకుండానే మాకు తెలుసు. ఇప్పటికీ ఎవరైనా గబగబా తిని లేచిపోతే నాకు ఒళ్ళు మండుతుంది.

ఆ చెయ్యి పంచాయితీ జరిగిన రోజు నేను అక్కడే ఉన్నాను. తొమ్మిదో క్లాసు పిల్లను. సంఘం గదిలో మార్కండేయుడి పటం, దాని కింద రాజేశం తాత కుర్చీ, ఎదురుగా రెండు వైపులా చాపలు. తాత తెల్లటి పంచె కట్టుకుని, తమలపాకుల డబ్బా ఒళ్ళో పెట్టుకుని కూర్చునేవాడు. ఎవరు వచ్చినా ముందు ఏం జరిగిందని అడిగేవాడు కాదు. ఎవలింటోనివి, ఏ ఊరు, ఎంతమంది పిల్లలు, ముసలోళ్ళు ఉన్నరా అని అడిగేవాడు. అడిగి, ఆకు నమిలి, చివరికి తీర్పు ఒకటే చెప్పేవాడు. తప్పు ఇద్దరిదీ, సగం సగం. మొగుడూ పెళ్ళాల తగాదా అయినా అంతే, గది ఖాళీ చేయించే గొడవ అయినా అంతే. తీర్పు అయ్యాక బయటి హోటల్ నుంచి ఒక కప్పు చాయ్ వచ్చేది. ఆ ఒక్క కప్పునూ తాత తన చేత్తో రెండు సాసర్లలో పోసేవాడు. ఇద్దరూ తాగాలి. తాగాక ఆ ముచ్చట మళ్ళీ ఎత్తకూడదు. బయటే కాదు, ఇంట్లో కూడా ఎత్తకూడదు. ఎత్తితే సంఘాన్ని కాదన్నట్టే. ఆ చాయ్ మీద చాలా కాపురాలు నిలబడ్డాయి, నేను కాదనను. చాలా నోళ్ళు కూడా మూతపడ్డాయి.

సేఠ్ రాలేదు, తన మేనేజర్‌ని పంపాడు. మగ్గం పక్కన గేరు పళ్ళ మీద ఉండాల్సిన ఇనుప మూత ఊడిపోయి ఉంది. అందులో బాపు చెయ్యి పడింది. మూత ఊడిన సంగతి తనకు తెలియదని మేనేజర్ చెప్పాడు. బాపు ఏదో అనబోయాడు. నువ్వుండు అని తాత చెయ్యి ఎత్తాడు. మూత లేకపోవడం సేఠ్ తప్పు, అక్కడ చెయ్యి పెట్టడం వీని తప్పు అన్నాడు. ఆస్పత్రి ఖర్చు సేఠ్ పెట్టుకున్నాడు, అదే కార్ఖానా గేటు దగ్గర బాపుకు వాచ్‌మన్ పని ఇస్తానన్నాడు. అక్కడితో సరి. బాపును అడిగిన ప్రశ్న ఒక్కటే, సమ్మతమేనా అని. బాపు తలూపాడు. ఆయన్ని ఈ ఊరికి తెచ్చింది రాజేశం తాత, గది ఇప్పించింది తాత, మొదటి మగ్గం చేతిలో పెట్టించింది తాత. తలూపక ఏం చేస్తాడు? సాసర్ వచ్చింది. కుడిచేతికి కట్టు ఉంది కాబట్టి బాపు ఎడమ చెయ్యి చాచాడు. రాజీ చాయ్ ఎడమచేత్తో తాగొద్దని తాత అన్నాడు. అమ్మ ముందుకు జరిగి సాసర్ ఎత్తి బాపు నోటికి ఆనించింది. చంటిపిల్లాడికి పాలు పట్టినట్టు పట్టింది. అవతల మేనేజర్ ఒక్క గుక్కలో తాగేసి వాచీ చూసుకున్నాడు.

ఆ రోజే నేను వకీలునవుతానని ఎవరికీ చెప్పకుండా అనుకున్నాను. అనుకోవడానికి ఏం ఖర్చు? ఇంటర్ అయ్యాక లా కాలేజీ ఎంట్రన్స్ రాస్తే సీటుకు కావాల్సిన మార్కులు కొండెక్కి కూర్చుని నన్ను చూసి నవ్వాయి. ఇంగ్లీషు నిదానంగానైనా చదివి నెట్టుకొచ్చాను. లెక్కలు నాకు భయం లేదు. జనరల్ నాలెడ్జి రొట్టెల కింద పరిచిన పాత పేపర్లలో కూడా దొరికేది. నన్ను ముంచింది లీగల్ రీజనింగ్ భాగం. వకీలు కావాలనుకున్న మనిషికి న్యాయం దగ్గరే మార్కులు పోవడం చూడండి. తప్పు రాస్తే ఉన్న మార్కు కూడా కోసేస్తారు కాబట్టి, మిగతా భాగాల్లో సంపాదించినదంతా అక్కడ తగలేసి వచ్చాను. బాపు ఇంకొక్క ఏడు చదువుకొమ్మన్నాడు. ఈసారీ రాకపోతే అమ్మ పక్కన కూర్చుని స్టోన్లు అంటించాలి. ఆ మాట ఆయన అనలేదు, అమ్మ అంది.

మా స్కూలు టీచరమ్మ బతిమాలితే ఘోడ్‌దోడ్ రోడ్డులో ఒక కోచింగ్ వాళ్ళు నన్ను ఫీజు లేకుండా చేర్చుకున్నారు. అక్కడ దేశాయ్ సార్ అని ఒకాయన లీగల్ రీజనింగ్ చెప్పేవాడు. నల్లకోటు వేసుకోవాలని చూసి కుదరక ఇక్కడ మిగిలిపోయిన మనిషి, నవ్వేవాడు కాదు. ఆ భాగం ఎలా ఉంటుందంటే, ముందు ఒక సూత్రం ఇస్తారు. తర్వాత ఒక చిన్న కథ ఇస్తారు. ఆ సూత్రాన్ని ఆ కథకు తగిలించి జవాబు చెప్పాలి. సూత్రం మంచిదా చెడ్డదా అని మనం అడగకూడదు. కథలో లేనిది ఊహించకూడదు. వినడానికి ఇంతే. నేను మాత్రం ప్రతిసారీ బోర్లా పడేదాన్ని. ఒకసారి సైకిల్ షాపు ప్రశ్న వచ్చింది. రిపేరుకు ఇచ్చిన సైకిల్ పోయింది. షాపువాడు తగినంత జాగ్రత్త తీసుకుంటే అతని మీద బాధ్యత ఉండదని సూత్రం. షాపువాడు తాళం వేశాడు, దొంగ తాళం పగలగొట్టాడు. అందరూ షాపువాడిది తప్పు లేదని పెట్టారు. నేను ఇద్దరూ నష్టం పంచుకోవాలని పెట్టాను. ఎందుకని సార్ అడిగితే, ఇద్దరూ బీదవాళ్ళే అయి ఉంటారు కదా అన్నాను. క్లాసంతా గొల్లుమంది.

దేశాయ్ సార్ నా పాత జవాబు కాగితాలన్నీ తెప్పించుకుని ముందు వేసుకున్నాడు. కాసేపు తిరగేసి నన్ను పిలిచాడు. నీకు లా రాక తప్పు పెట్టడం లేదు, ఎక్కడ ఇద్దరికీ పంచే జవాబు కనిపిస్తే అక్కడ గీత గీస్తున్నావు, నీ ఇంట్లో ఎవరైనా పంచాయితీలు చేస్తారా అని హిందీలో అడిగాడు. మా వాడలో అందరూ ఆ చాయ్ తాగినవాళ్ళే. ఆయన తన గుజరాతీ యాసలో ఒక మాట అన్నాడు.

"యహాఁ సమాధాన్ నహీ హోతా, బేటా. కోయీ ఏక్ హారేగా."

ఇక్కడ రాజీ ఉండదు, ఎవరో ఒకరు ఓడాలి అని. ఆ మాట నాకు తలకెక్కింది గానీ చేతికి ఎక్కలేదు. పెన్ను పట్టుకుంటే మళ్ళీ పాత దారినే పోయేది. అలా కొన్ని వారాలు గడిచాయి. ఒకరోజు సార్ బోర్డు మీద ఒక ప్రశ్న రాశాడు. యంత్రం చెడిందని తెలిసీ యజమాని దాని మీద పని చేయిస్తే, జరిగిన హాని పూర్తిగా యజమానిదే, పనివాడు పని మానకపోవడం అతని ఒప్పుకోలు కాదు అని సూత్రం. కథలో ఒక పనివాడున్నాడు. యంత్రం మీది మూత ఊడిందని యజమానికి చెప్పాడు. తర్వాత చూద్దాం, నడిపించు అన్నాడు యజమాని. పనివాడి చెయ్యి పోయింది. ఎవరిది బాధ్యత? బోర్డు మీద ఆ అక్షరాలు చూస్తుంటే నాకు గమ్ వాసన వచ్చింది. సార్ ఒక్క నిమిషం ఇచ్చాడు. తర్వాత చేతులెత్తమన్నాడు. పూర్తిగా యజమానిది అన్నవాళ్ళు అంటే గదంతా చేతులు లేచాయి. ఇద్దరిదీ సగం అన్నవాళ్ళు అంటే నా ఒక్కదాని చెయ్యి లేచింది. ఎత్తిన చెయ్యి దించడం కూడా తోచలేదు నాకు. సార్ ఎందుకని అడిగాడు. చెయ్యి పెట్టింది అతనే కదా సార్ అన్నాను. రాజేశం తాత మాట, నా నోటి నుంచి హిందీలో వచ్చింది. పిల్లలు మళ్ళీ నవ్వారు. బెంగళూరు, భోపాల్ లా కాలేజీల పేర్లు తప్ప ఇంకేమీ ఎరగని పిల్లలు, జీవితంలో మగ్గం మొహం చూడనివాళ్ళు, మా బాపు కేసును నిమిషంలో తెంపేశారు. ఆయన కూతురిని, నేనొక్కదాన్నే తప్పు చెప్పాను.

సిటీ బస్సులో పండేసరా దాకా కిటికీకి తల ఆనించుకుని వచ్చాను. అవమానం సగం, ఇంకోటి సగం. ఆ ఇంకోటి ఏమిటంటే, కథలో ఉన్న ఒక్క ముక్క మా ఇంటి కథలో ఉందో లేదో నాకు తెలియదు. ఆ పనివాడు ముందే చెప్పాడు. మరి బాపు చెప్పాడా? చెప్పి ఉంటే తప్పు మొత్తం అవతలివాళ్ళది. చెప్పకపోతే మేనేజర్ మాటే నిలుస్తుంది. పంచాయితీలో బాపు నోరు తెరిచింది ఆ మాట చెప్పడానికేనా? ఆ రోజు బాపు గేటు దగ్గర నుంచి వచ్చి చొక్కా తగిలించి కంచం ముందు కూర్చోగానే ఎదురుగా కూర్చున్నాను. నా పెదాలు ఆయనకు కనబడేలా, నిదానంగా, మూత ఊడిన సంగతి ముందే మేనేజర్‌కి చెప్పినవా బాపూ అని అడిగాను. ఆయన నా మొహం వైపు చూశాడు. ఆ తర్వాత చూపు కంచంలోకి దించుకున్నాడు. పెదాలు చూడకపోతే ఇక ఆయనకు వినబడదు. నేను ఎంత అరిచినా లాభం లేదు.

అమ్మ వెనక నుంచి అంది. "చాయ్ తాగినం బిడ్డా. గా ముచ్చట ఇంట్ల వద్దు."

నేను మళ్ళీ అడగలేదు. అడిగితే బాపు సంఘం మాట తప్పినవాడవుతాడు, ఉంటున్న గదిలోంచి మమ్మల్ని లేపరు గానీ వాడలో ఎవరూ పలకరించరు. మాలాంటివాళ్ళకు ఈ ఊళ్ళో పలకరింపు తప్ప వేరే ఆస్తి లేదు. ఆ కోపమంతా తీసుకెళ్ళి నేను లీగల్ రీజనింగ్ మీద పెట్టాను. చాలామంది పిల్లలు ఇప్పుడు నన్ను అడుగుతారు, మేడమ్ ఆ సెక్షన్‌లో ఎలా మెరుగుపడ్డారు అని. వాళ్ళకు నేను పద్ధతి చెప్తాను. కథను అరచేత్తో కప్పి ముందు సూత్రం ఒక్కటే చదవండి, కళ్ళు మూసుకుని దాన్ని అప్పజెప్పగలిగేదాకా కథ జోలికి పోకండి అంటాను. సూత్రాన్ని ముక్కలు చేసుకోండి, ఒక్కో ముక్క కథలో ఉందో లేదో వెతకండి, ఒక్క ముక్క లేకపోయినా సూత్రం తగలదు అంటాను. ఇదంతా దేశాయ్ సార్ చెప్పిందే, నిజమే. నేను సొంతంగా చేసినవి రెండున్నాయి, అవి చెప్పను. మనుషుల పేర్లు కొట్టేసి అక్షరాలు పెట్టుకునేదాన్ని. పేరుంటే ఆ మనిషికి ఒక ఇల్లు తోచేది, ఇల్లు తోస్తే జాలి పుట్టేది. రెండోది ఇంకా ఘోరం. అమ్మ స్టోన్లు అంటిస్తుంటే పక్కన కూర్చుని ప్రశ్నలు తెలుగులో చదివి వినిపించేదాన్ని. అమ్మ పని ఆపకుండా వినేది. పాపం గా ముసల్దానికి సగమన్న ఇయ్యాలె గదా అనేది. అమ్మ ఎవరి మీద పాపం అంటే ఆ జవాబు కొట్టేసేదాన్ని. దాదాపు ఎప్పుడూ కరెక్టయ్యేది. నేను బాగుపడుతున్న కొద్దీ ఆమెకు సంబరంగా ఉండేది. తన మాటలు నాకు ఎలా ఉపయోగపడుతున్నాయో ఆమెకు ఇవాళ్టికీ తెలియదు.

పరీక్షనాటికి ఆ భాగంలో నాతో తప్పు చేయించగల ప్రశ్న లేకుండా పోయింది. నా చెయ్యి ఆగేది కాదు. సీటు వచ్చింది. సంఘం గదిలో నాకు శాలువా కప్పారు. రాజేశం తాత మైకు పట్టుకుని, ఈ సీటు సగం వాళ్ళ బాపు కష్టం, సగం మన సంఘం పుణ్యం అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. లెక్క ప్రకారం నా వంతుకు ఏమీ మిగల్లేదు. బాపు కింద చాప మీద కూర్చుని తాత పెదాలు చూస్తూ నవ్వాడు. ఆ నవ్వు చూసి నాకు కడుపు మండింది. ఆయన నిజంగానే తృప్తిగా ఉన్నాడని, సగం తప్పు తనదేనని నమ్మేశాడని, అందుకే నోరు విప్పడని అనుకున్నాను. ఆ అనుకోవడంలోనే ఇన్నేళ్ళూ గడిపాను.

ఇప్పుడు ఆ పరీక్ష మారిపోయిందట. చిన్న చిన్న కథలు పోయి పేజీ పొడుగు వ్యాసాలు వచ్చాయి, సూత్రాన్ని అందులో నుంచి పిల్లలే ఏరుకోవాలి. ఫ్లైఓవర్ ఎక్కితే చాలు, ర్యాంకులు వచ్చిన పిల్లల మొహాలు బోర్డుల మీద నవ్వుతూ ఎదురొస్తాయి. మా వాడ మొహం వాటిలో ఒక్కటీ నాకు కనబడలేదు. దేశాయ్ సార్ చెప్పినట్టు ఎవరో ఒకరు ఓడే చోటికి పోతున్నానని నేను నల్లకోటు వేసుకున్నాను. వేసుకున్నాక తెలిసింది, లేబర్ కోర్టు వరండాలో నాకు రోజూ వినపడేది సమాధాన్ అన్న మాటేనని. సేఠ్ తరఫు వకీలు నవ్వుతూ వచ్చి, మేడమ్, కేసు ఎన్నేళ్ళు లాగుతారు, మీ మనిషికి ఎంతో కొంత ఇప్పించి పంపుదాం అంటాడు. లోపల జడ్జి కుర్చీలో కూర్చున్నాయన కూడా ఇద్దరూ మాట్లాడుకుని రండి అంటాడు. నా క్లయింటు ఏ కిమ్ ఊరి నుంచో రోజు కూలీ పోగొట్టుకుని వచ్చి ఉంటాడు, మళ్ళీ వాయిదాకు రాలేడు. నా మొహం చూస్తాడు. నేను సమ్మతమేనా అని అడుగుతాను. అతను తలూపుతాడు. సంఘం గది నుంచి ఎంతో దూరం చదువుకుని వెళ్ళాననుకుంటే, ఆ గదే కుర్చీలతో సహా నా వెనకాలే వచ్చి కోర్టులో కూర్చుంది. చాయ్ మాత్రం ఎవరిది వాళ్ళు తాగుతాం, అంతే తేడా.

ఇదంతా తలచుకుంటూ నేను శ్రీను కాక మాటలు సగమే వింటున్నాను. ఆయన కుర్చీ గురించి, వచ్చే ఆదివారం గురించి మళ్ళీ మొదటి నుంచి చెప్తున్నాడు. చెయ్యి నలిగిన మనిషిని రేపు నా ఆఫీసుకు పంపమని, కుర్చీ సంగతి తర్వాత చూద్దామని చెప్పాలని నోరు తెరిచాను. అంతలో కిటికీ దగ్గర నుంచి బాపు గొంతు వినపడింది. చెవులు వినపడని మనిషి కాబట్టి ఆయన ఎప్పుడూ కాస్త గట్టిగానే మాట్లాడతాడు. ఇల్లంతా వినబడింది.

"శీనూ, మీ బాపు పొయ్యిండు గదా. ఇగ జెప్పచ్చా?"

శ్రీను కాకకు అర్థం కాలేదు. ఏంది అన్నా అన్నాడు. బాపు ఆయన వైపు కాదు, నా వైపు తిరిగాడు. తువ్వాలు తీసి పక్కన పెట్టాడు. ఆ రెండు వేళ్ళ చెయ్యి మోకాలి మీద అందరికీ కనబడేలా పెట్టుకున్నాడు. చిన్నప్పుడు నేను కంచం ముందు కూర్చుని అడిగిన ప్రశ్నకు, ఆ పూటే అడిగినట్టు జవాబు చెప్పాడు.

"చెప్పిన బిడ్డా. మూత ఊడిందని మేనేజర్‌కు చెప్పిన. దివాళీ సెలవులల్ల చేపిస్త, అప్పటిదాంక నడిపియ్యి అన్నడు. మల్ల చెప్పిన. పని ఇష్టం లేకుంటే పో అన్నడు. గా సగం తప్పు నాది గాదు."

మా ఇంటి కథలో నేను వెతికిన ముక్క అది. అది దొరికేసరికి కోర్టుకెక్కే గడువు లేదు, ఆ కార్ఖానా కూడా లేదు, దాని చోట ఇప్పుడు అపార్ట్‌మెంట్లు లేచాయి. తాత బతికున్నన్నాళ్ళు ఆ మాట మీద నిలబడి, చెయ్యని తప్పును సగం మోస్తూ, అదే సేఠ్ కారుకు ఎడమచేత్తో గేటు తీశాడు ఆయన. తృప్తి అని నేను అనుకున్నది తృప్తి కాదు. లేచి ఆయన ఎదురుగా వెళ్ళి కింద కూర్చున్నాను. నా పెదాలు ఆయనకు కనబడాలి కదా. సగం కాదు బాపూ, నీది అసలు లేదు అని నిదానంగా అన్నాను. ఆయన నా పెదాల వైపు చూశాడు. ఈసారి చూపు దించుకోలేదు.

అమ్మ ట్రేలో చాయ్ తెచ్చి మధ్య బల్ల మీద పెట్టింది. ఎవరూ కప్పు అందుకోలేదు. సంఘం మనుషులు ఇద్దరూ చెప్పుల వైపు చూస్తున్నారు. శ్రీను కాక మొహం చెల్లక నవ్వాడు. ఎప్పటి ముచ్చట అన్నా, ఇప్పుడు సగమైనా పూర్తయినా ఏమొస్తది, మనసుల పెట్టుకోకు అన్నాడు. అని, అలవాటు కొద్దీ ఒక కప్పు తీసి, సాసర్‌తో సహా బాపు ముందుకు జరిపాడు.

బాపుకు చాయ్ అంటే ప్రాణం. పొద్దున్నుంచి తాగలేదు కూడా. ఆయన ఆ రెండు వేళ్ళతో సాసర్ అంచు పట్టుకుని, బల్ల మీద అవతలి వైపుకు నెట్టేశాడు.

"వద్దు శీనూ. తాగితే మల్ల నోరు మూసుకొమ్మంటరు."